రొట్టె వద్దనే మూడు గొంతులు

మొహర్రం నెలలో ఆ నాలుగైదు రోజులు నెల్లూరు స్వర్ణాల చెరువులో వినపడే కేకలు ఇంకెక్కడా వినపడవు. “పెళ్లి రొట్టె ఎవరి దగ్గరుందండీ?” “ఉద్యోగ రొట్టె ఇదిగో, ఇట్రండమ్మా.” “అన్నా, వీసా రొట్టె ఉందా?” కుచ్చిళ్లు ఎత్తి దోపుకున్న ఆడవాళ్లు, ప్యాంట్లు మోకాళ్ల దాకా మడుచుకున్న మగవాళ్లు నీళ్లలో గుంపులు గుంపులుగా నిలబడి ఉంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెస్తారు. అదే కోరిక ఉన్నవాళ్లు ఆ రొట్టె పట్టుకుంటారు. తీరితే మరుసటి ఏడు వాళ్లు వచ్చి ఇచ్చేవాళ్ల పక్కన నిలబడాలి. పద్ధతంతా ఇంతే. మధ్యలో మంత్రం లేదు, రశీదు లేదు. తడి చేతుల్లో సగం నానిపోయిన చపాతీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతుంది. ఇచ్చిన మనిషిది ఏ మతమో అడిగే తీరిక ఆ తోపులాటలో ఎవరికీ ఉండదు.

చెరువు ఒడ్డునే బారాషహీద్ దర్గా, పన్నెండు మంది అమరవీరుల సమాధులు. వాళ్లు బట్టలుతికే దంపతులకు కలలో కనపడ్డారనీ, ఆ సమాధుల మట్టితో ఆర్కాటు నవాబు భార్య జబ్బు నయమైందనీ ఊళ్లో చెప్పుకునే కథ. అందులో చరిత్ర పాలెంతో తెలియదు గానీ, ముస్లిం వీరులు తమ మహిమ చెప్పుకోడానికి చాకిరేవు వాళ్లను ఎంచుకోవడం గమనించాల్సిన విషయం. 2015లో ప్రభుత్వం ఈ రొట్టెల పండుగను రాష్ట్ర పండుగ చేసింది. ఇప్పుడు లక్షల్లో వస్తారు, వచ్చేవాళ్లలో ముస్లిమేతరులు చాలామంది.

ఈ పండుగకు పోవద్దని మూడు వైపుల నుంచి గట్టిగా చెప్పేవాళ్లున్నారు. మొదటివాళ్లు ముస్లింలలోని సంస్కరణవాదులు. కోరికలు అల్లాను తప్ప ఇంకెవరినీ అడగకూడదు, సమాధుల దగ్గర అడిగితే అది శిర్క్, అంటే అల్లాకు ఇంకొకరిని సాటి చేయడం, ఈ రొట్టెల తంతంతా తర్వాత పుట్టిన బిద్‌అత్, అంటే మతంలో లేని కొత్త ఆచారం అంటారు. రెండోవాళ్లు పాస్టర్లు. అన్యదేవతల దగ్గర పెట్టింది తినకూడదు, అక్కడ నిలబడనే కూడదు అని ఆదివారం వాక్యంలో చెబుతారు. మూడో గొంతు వాట్సాప్‌లో వస్తుంది. “మన గుళ్లు లేవా, సమాధులకు మొక్కుతారా, సిగ్గు లేదా” అని హిందువులను హిందువులే తిట్టే ఫార్వర్డ్. ఇంకే విషయంలోనూ ఒక బల్ల దగ్గర కూర్చోని ముగ్గురూ ఒక్క చపాతీ విషయంలో మాత్రం ఏకాభిప్రాయానికి వచ్చారు.

ఈ ముగ్గురినీ ఉన్మాదులనేయడం తేలిక, కానీ తప్పు. దర్గాకు పోవద్దని చెప్పే మౌల్వీ తన మతం తాను అర్థం చేసుకున్న తీరు చెబుతున్నాడు. ప్రసాదం పెడితే “వద్దమ్మా, మేం ప్రార్థన చేసుకునేవాళ్లం” అని చెయ్యి వెనక్కి తీసుకునే ఇల్లాలు ఎవరి జోలికీ పోవడం లేదు. పెట్టినామెకు కాస్త మనసు చివుక్కుమంటుంది, అంతవరకే. మడి కట్టుకుని వంట చేసే మామ్మ మనవడిని కూడా తాకనివ్వదు, ఇంట్లోవాళ్లకు విసుగు పుట్టిస్తుంది. వీటికి తెలుగులో మంచి మాటలే ఉన్నాయి: నిష్ఠ, పట్టింపు, చాదస్తం. ఒక్కో మాటలో ఒక్కో పాలు గౌరవం, ఒక్కో పాలు వెక్కిరింపు. ఉన్మాదం వేరే సరుకు. తన మీద పెట్టుకున్న కట్టడిని పక్కవాడి మీద పెట్టి, వాడు ఒప్పుకోకపోతే వాడికి ఈ ఊళ్లో చోటు లేదనడంతో అది మొదలవుతుంది. మామ్మ మడి వంటింట్లో ఉన్నంతసేపూ చాదస్తమే. అదే మడి ఊరబావి గట్టెక్కి “మీరు ముట్టుకోవద్దు” అన్న రోజు దాని పేరు మారిపోయింది.

మన పత్రికల్లో ‘ఛాందసవాదం’, ‘మతోన్మాదం’, ‘తీవ్రవాదం’ మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. మొదటి దానికి ఇంగ్లిషులో ఉన్న ఫండమెంటలిజం అనే మాట చరిత్ర సరదాగా ఉంటుంది. అది ఏ ఇస్లామిక్ దేశంలోనూ పుట్టలేదు. 1920లో అమెరికాలో కర్టిస్ లీ లాస్ అనే బాప్టిస్టు పత్రికా సంపాదకుడు తనలాంటివాళ్లను గర్వంగా పిలుచుకోడానికి ఫండమెంటలిస్ట్ అన్న మాట పుట్టించాడు. బైబిల్లో మౌలికమైన సంగతుల విషయంలో రాజీపడనివాళ్లు అని అర్థం. తిట్టుగా మారడం తర్వాతి సంగతి. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాలకు క్రైస్తవం ప్రధానంగా అమెరికన్ బాప్టిస్టుల ద్వారానే వచ్చింది కాబట్టి ఆ మాట చరిత్ర మనకు మరీ దూరందేమీ కాదు.

ఆ బాప్టిస్టుల కథ దగ్గర కొంచెం ఆగాలి. నిష్ఠకు, ఉన్మాదానికి తేడా అక్కడ బాగా కనపడుతుంది.

1840లో శామ్యూల్ డే నెల్లూరులో మిషన్ పెట్టాడు. పాతికేళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. అమెరికాలో ఇంక మూసేద్దామని రెండు మూడుసార్లు అనుకున్నారు. 1860ల్లో జాన్ క్లౌ వచ్చి ఒంగోలులో స్థిరపడ్డాక పరిస్థితి మారింది. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు తమవాళ్లను వెంటబెట్టుకుని వచ్చారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. వానలు పడి, కూలి పనులు అయిపోయాక 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున నీళ్లలోకి దిగి, అలసిపోయినప్పుడు మార్చుకుంటూ ఇచ్చారు.

కొత్తగా చేరినవాళ్లకు మిషన్ పెట్టిన కట్టడి మామూలుది కాదు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఊరి కొలుపుల్లో డప్పు కొట్టకూడదు. మతసామరస్యం మీద రాసేవాళ్లు ఈ జాబితా చూస్తే నొసలు చిట్లిస్తారు. ఊరంతా కలిసి చేసుకునే జాతర నుంచి ఒక గుంపును విడగొట్టడం ఛాందసం కాదా అంటారు. ఆ ప్రశ్నను మాదిగవాడ నుంచి అడిగి చూడాలి. కొలుపులో డప్పు కొట్టడం అక్కడివాళ్లకు ఉత్సవం కాదు, వెట్టి. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం వాళ్లు కోరుకున్న వృత్తి కాదు. “మా దేవుడు ఒప్పుకోడు” అన్న ఒక్క మాటతో తరతరాల చాకిరీకి అడ్డుచెప్పే వీలు దొరికింది. దానికి బదులుగా దెబ్బలు తిన్నారు, చెరువు నీళ్లు ముట్టనివ్వలేదు. అమెరికా నుంచి తెచ్చిన చాదస్తం ఇక్కడి మాలమాదిగ పల్లెల్లో వెన్ను నిటారుగా పెట్టుకోడానికి ఊతమైంది. అప్పుడు పక్కవాడి మీద కట్టడి పెట్టింది, కాదంటే కొట్టింది సామరస్యంగా జాతర జరుపుకుంటున్న ఊరు. అందుకే కలివిడి ఉన్నచోటల్లా మంచే ఉందని, పట్టింపు ఉన్నచోటల్లా చెడే ఉందని లెక్క వేసేస్తే కుదరదు. రొట్టెల పండుగను నెత్తిన పెట్టుకునేవాళ్లు ఈ సంగతి తరచూ మర్చిపోతుంటారు.

ఇంకా వెనక్కి పోతే, ఇస్లాం, క్రైస్తవం ఈ గడ్డ మీద బలపడక ముందే ఇక్కడ ఉన్మాదానికి కొరత లేదు. 12, 13 శతాబ్దాల్లో తెలుగునాట వీరశైవం ఊపు మీదుంది. శివుడిని కొలవనివాడు ‘భవి’. భవి ముఖం చూడకూడదు, భవి పెట్టింది తినకూడదు. శివనింద చేసినవాడిని చంపిన భక్తుడిని మెచ్చుకునే కథలు ఆనాటి శైవ సాహిత్యంలో ఉన్నాయి. అదే వీరశైవం కులాన్ని కూడా ఎదిరించింది, అది వేరే అధ్యాయం. దోర్నాల ఘాట్ ఎక్కితే వచ్చే శ్రీశైలంలో 16వ శతాబ్ది తొలినాళ్ల శాసనం ఒకటుంది. శ్వేతాంబర జైనుల తలలు నరికానని ఒక వీరశైవ నాయకుడు గొప్పగా చెక్కించుకున్నాడు. ఎవరో శత్రువు వేసిన నింద కాదది. పుణ్యకార్యాల జాబితాలో తానే వేయించుకున్న పద్దు. శైవ వైష్ణవ కలహాల్లో చోళరాజుకు జడిసి రామానుజులు శ్రీరంగం వదిలి పోయిన కథ వైష్ణవ సంప్రదాయంలో ఉండనే ఉంది.

ఆ వేడిలోనే నెల్లూరులో, అప్పటి విక్రమసింహపురిలో, మనుమసిద్ధి మంత్రి తిక్కన తన పదిహేను పర్వాల భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. హరి, హరుడు ఒకే దేవుడు. ఈనాడు అది మెత్తని భక్తిమాటలా వినపడుతుంది గానీ, ఆ రోజుల్లో రెండు పక్షాలకూ గిట్టని మాట. నడిమధ్య నిలబడ్డవాడిని రెండు వైపులవాళ్లూ అనుమానిస్తారు. తిక్కనను మరీ మహాత్ముడిని చేయనక్కర్లేదు. గణపతిదేవుడి కొలువులో ఆయన జైన బౌద్ధులను వాదంలో ఓడించాడని, ఆ తర్వాత జైనులకు కష్టాలొచ్చాయని తర్వాతి కాలంలో రాసిన చరిత్ర ఒకటి చెబుతుంది. నిజమైతే, హరిహరుల ఆ వంతెన జైనుల దాకా రాలేదు. ప్రతి సామరస్యానికీ బయట వదిలేసినవాళ్లు ఎవరో ఒకరుంటారు.

మతోన్మాదం అనగానే ఒక మతంవాళ్లు ఇంకో మతంవాళ్లను చంపడం గుర్తొస్తుంది. అవి లేవని కాదు. 1994లో హెబ్రాన్‌లో నమాజు చేస్తున్న 29 మందిని కాల్చింది ఒక యూదు డాక్టరు. 1999 జనవరిలో ఒడిశాలో గ్రాహం స్టెయిన్స్‌ను ఇద్దరు చిన్న కొడుకులతో సహా జీపులో తగలబెట్టినవాళ్లు హిందూ ధర్మం పేరు చెప్పుకున్నారు. శ్రీలంకలో 2019 ఈస్టర్ రోజున చర్చిల్లో, హోటళ్లలో 250 మందికి పైగా ప్రాణాలు తీసినవాళ్లు ఇస్లాం పేరు చెప్పుకున్నారు. అహింసకు మారుపేరనుకునే బౌద్ధంలో, మయన్మార్‌లో, విరాథు అనే భిక్షువు ముస్లింల మీద ఏళ్ల తరబడి విషం చిమ్మాడు. 2017లో సైన్యం విరుచుకుపడ్డాక ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఏ మతంవాళ్లూ “మాలో లేరు” అనడానికి లేదు.

అయితే ఇంకో వరస కూడా ఉంది, దాని మీద మాట తక్కువ. 1948లో గాంధీని చంపింది హిందువు. 1995లో ఇజ్రాయెల్ ప్రధాని రబీన్‌ను చంపింది యూదుడు. 2011లో పాకిస్తాన్ పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ను చంపింది ఆయన సొంత అంగరక్షకుడు, ముస్లిం. మతదూషణ కేసులో మరణశిక్ష పడిన ఒక క్రైస్తవ స్త్రీ పక్షాన మాట్లాడటం ఆయన చేసిన నేరం. 1959లో శ్రీలంక ప్రధాని బండారనాయకేను ఇంటికొచ్చిన బౌద్ధ భిక్షువు కాల్చాడు. ఆ చివరి దానిలో ఒక మెలిక ఉంది. 1956లో ఆయన గెలిచింది సింహళ బౌద్ధ ఉద్రేకాన్ని ఎగదోసి, భిక్షువులను ప్రచారానికి దింపి. కుర్చీ ఎక్కాక తమిళులతో ఒక ఒప్పందానికి ప్రయత్నించాడు, భిక్షువులు ఆయన ఇంటి ముందే కూర్చుని దాన్ని రద్దు చేయించారు. హత్యకు కుట్ర నడిపినవాడు ఎన్నికల్లో ఆయన కోసం తిరిగిన పేరున్న ఆలయాధిపతే. కుట్ర వెనక వ్యాపార లావాదేవీల గొడవలూ ఉన్నాయంటారు. ఉండవచ్చు, ఉన్మాదం వట్టి చేతులతో రాదు. ఓట్ల కోసం మాత్రమే మంటను వాడుకుని తర్వాత ఆర్పేస్తాం అనుకునే నాయకులు మన దగ్గరా ఉన్నారు కాబట్టి ఈ కథ చెప్పడం.

ఇంటివాడే మొదటి గురి ఎందుకవుతాడు? పక్క మతంవాడు శత్రువు, వాడితో లెక్క తేలికే. వాడు అక్కడున్నాడు, మనం ఇక్కడున్నాం. తమలోనే ఉండి గీత మీద నిలబడినవాడితోనే చిక్కు. దర్గాకు పోయే హిందువు, తిరుపతికి పోయే ముస్లిం, క్రిస్మస్ కేకు తిని సంక్రాంతికి ముగ్గు వేసుకునే క్రైస్తవురాలు. వాళ్లున్నంత కాలం గీత అక్కడుందని ఎవరూ నమ్మరు. గీత లేకపోతే దానికి కాపలా కాసేవాడికి పనే లేదు. రొట్టె మీద ఆ మూడు గొంతులూ కలవడానికి కారణం ఇదే. మాటల దగ్గర ఆగినంత కాలం అది బోధ. పాకిస్తాన్‌లో అది మాటల దగ్గర ఆగలేదు. 2017 ఫిబ్రవరిలో సింధ్‌లోని సెహ్వాన్‌లో లాల్ షాబాజ్ ఖలందర్ దర్గాలో గురువారం సాయంత్రం ధమాల్ అనే భక్తి నృత్యం ఆడుతున్న జనం మధ్య ఒకడు పేల్చుకున్నాడు. 80 మందికి పైగా పోయారు. ఆ దర్గాకు హిందువులూ వస్తారు. మర్నాడు తెల్లవారుజామున మూడున్నరకు దర్గా సేవకుడు ఎప్పట్లాగే గంట కొట్టాడు.

మత జ్ఞానం ఎక్కువై ఉన్మాదం వస్తుందని చాలామంది నాస్తిక మిత్రులు నమ్ముతారు. ఆధారాలు అటు లేవు. 2013లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి సిరియా యుద్ధానికి పోయిన ఇద్దరు కుర్రాళ్లు బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో ఇస్లాం గురించి ఏమీ తెలియనివాళ్ల కోసం రాసిన పరిచయ పుస్తకాలు తెప్పించుకున్నారు. ఐసిస్‌లో చేరేటప్పుడు నింపిన ఫారాలు 2016లో బయటపడ్డాయి. షరియా గురించి ఎంత తెలుసు అన్న గడిలో సుమారు 70 శాతం మంది ‘ప్రాథమికంగా’ అని రాసుకున్నారు. 2011లో నార్వేలో 77 మందిని చంపిన బ్రీవిక్ క్రైస్తవ ఐరోపాను కాపాడుతున్నానన్నాడు గానీ, తాను పెద్ద భక్తుడిని కాదని తానే రాసుకున్నాడు. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో అనే మత సంఘంలో బాగా చదువుకున్న సైంటిస్టులు, డాక్టర్లు ఉన్నారు. ఖురాన్ కంఠతా వచ్చిన హాఫిజ్ కంటే, వేదం చదువుకున్న ఘనాపాఠీ కంటే, వీడియోలు చూసి నెల రోజుల్లో ధర్మరక్షకుడైపోయిన కుర్రాడితోనే ప్రమాదం. చదువుకున్నవాడికి ప్రతి వాక్యానికీ నాలుగు భాష్యాలు తెలుసు, తొందరగా చెయ్యెత్తలేడు.

నెల్లూరుకే ఇది ఒకసారి వచ్చింది. 2016 సెప్టెంబర్ 12న జిల్లా కోర్టు ఆవరణలో బాంబు పేలింది. అదృష్టం బాగుండి ప్రాణాలు పోలేదు. అదే ఏడాది చిత్తూరు, కొల్లం, మైసూరు, మలప్పురంలో కోర్టులు, కలెక్టరేట్ల దగ్గర ఇలాంటి పేలుళ్లే జరిగాయి. నవంబరులో జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ మదురై ప్రాంతానికి చెందినవాళ్లను అరెస్టు చేసింది. వాళ్లు పెట్టుకున్న పేరు బేస్ మూవ్‌మెంట్, అల్ ఖైదా అన్న అరబ్బీ మాటకు ఇంగ్లిషు. గమనించాల్సింది వాళ్లు ఎంచుకున్న చోటు. గుడి కాదు, చర్చి కాదు, కోర్టు. ఎవరి తగాదా అయినా ఒకే చట్టం కింద తేల్చే చోటు. పేలుడు తర్వాత కొన్నాళ్లు ఊళ్లో టెన్షన్ ఉన్న మాట నిజం. ముస్లింలు ఎక్కువగా ఉండే కోటమిట్ట వైపు చూసి గుసగుసలాడినవాళ్లూ ఉన్నారు. వచ్చినవాళ్లు మదురై నుంచి అని తేలాక గుసగుసలు ఆగాయి గానీ, అనుమానపడ్డందుకు ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకోలేదు.

అనుమానం అనేది ఇక్కడ అసలు ముడిసరుకు. 2020 ఫిబ్రవరిలో బోగోలు మండలం కొండబిట్రగుంటలో ప్రసన్న వేంకటేశ్వరస్వామి రథం కాలిపోయింది. మతిస్థిమితం లేని మనిషి చేసిన పని అని పోలీసులు చెప్పారు. అదే సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయేసరికి బిట్రగుంట మళ్లీ వార్తల్లోకి వచ్చింది. “ప్రతిసారీ పిచ్చివాడేనా?” అన్న ప్రశ్న రాష్ట్రమంతా తిరిగింది. ప్రశ్న న్యాయమైనదే. ఊరి రథం కాలితే కడుపు మండటం సహజం, ఆ మంటను వెటకారం చేసే చదువుకున్నవాళ్లు ఉన్మాదానికి సాయం చేస్తున్నట్టే. అయితే జవాబు రాకముందే తమకు నచ్చిన జవాబు నింపేసుకోవడం వేరు. అదే ఏడాది మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు నెల్లూరులోనే, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి తేలింది. అప్పుడు ఇటలీ మీదా, చదువుకోడానికి పోయిన పిల్లల మీదా ఎవరూ పగబట్టలేదు. నెలాఖరుకు ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లీగీ జమాత్ మత సమావేశానికి పోయి వచ్చినవాళ్లలో కేసులు బయటపడగానే జబ్బుకు మతం అంటుకుంది. పండ్ల బండివాడి పేరు అడిగి కొనమని చెప్పే మెసేజ్‌లు దేశమంతా తిరిగాయి.

పుకారు ఎలా పనిచేస్తుందో చూడాలంటే శ్రీలంకలోని అంపారలో జరిగింది చాలు. 2018 ఫిబ్రవరి. ఒక ముస్లిం హోటల్లో సింహళ కస్టమర్ కూరలో తెల్లటి ముద్ద కనపడింది. సింహళులకు పిల్లలు పుట్టకుండా ముస్లింలు తిండిలో మాత్రలు కలుపుతున్నారని అప్పటికే ఫేస్‌బుక్‌లో ప్రచారం నడుస్తోంది. గుంపు చుట్టుముట్టి ఏం కలిపావని నిలదీసింది. కౌంటర్లో ఉన్న మనిషికి సింహళం అంతంత మాత్రం. భయంతో అవునన్నట్టు తలూపాడు. ఆ వీడియో ఊళ్లకు ఊళ్లు పాకింది. హోటలు, మసీదు ధ్వంసమయ్యాయి. వారం తిరిగేసరికి క్యాండీ జిల్లా తగలబడి ఎమర్జెన్సీ పెట్టాల్సి వచ్చింది. ప్రభుత్వ పరీక్షల్లో తేలిందేమిటంటే ఆ ముద్ద వట్టి పిండి. ఉండ కట్టిన పిండి. మనదగ్గర 2013లో ముజఫర్‌నగర్ అల్లర్లకు ముందు తిరిగిన వీడియో కూడా ఇలాంటిదే. అది మూడేళ్ల కిందట పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో ఇద్దరు అన్నదమ్ములను గుంపు కొట్టి చంపినప్పటిది. ఇలాంటివి ఇంటి గ్రూపులో బాబాయి పెడితే అబద్ధం అనడానికి నోరు రాదు. ఇంట్లో పెద్దవాళ్లను తప్పు పట్టకూడదన్న మర్యాద పుకారుకు మంచి వాహనం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మతం పేరున పెద్ద ఊచకోతలు జరగలేదు. దీనికి కారణంగా రొట్టెల పండుగనో, కసుమూరు దర్గానో చూపించి మురిసిపోతుంటాం. ఇందులో కొంత నిజముంది. ఇంకో కారణం అంత అందంగా ఉండదు. ఇక్కడ పగలన్నీ కులం వాటాకు పోయాయి. 1985 జులైలో కారంచేడులో, ఆ ఊరు అప్పట్లో ప్రకాశం జిల్లాలోనిదే, దళితుల మంచినీళ్ల చెరువు దగ్గర గేదెలను కడగవద్దన్న మాట మీద గొడవ మొదలై, మర్నాటికి ఆరుగురు మాదిగలను చంపేశారు. అందులో మతం ఊసే లేదు. ఒక చెరువులో చేతులు కలిపి రొట్టెలు మార్చుకునే జనమే ఇంకో చెరువు దగ్గర గొడ్డళ్లు పట్టుకున్నారు.

ఇప్పుడు మతం పేరుతో వచ్చే సంఘాలు కుర్రాళ్లకు ఇచ్చే ఆశ సరిగ్గా ఈ కులం చుట్టూనే ఉంటుంది. “ఇక్కడ కులం లేదు, మనమంతా ఒకటే.” మూడు మతాల్లోనూ వినపడే మాటే ఇది. చినబజారు షాపులో పది వేలకు పనిచేసే కుర్రాడికి వినాయక చవితి కమిటీలోనో, యూత్ మీటింగ్‌లోనో, జమాత్‌లోనో ఒక టీషర్టు, ఒక బాధ్యత, పేరు పెట్టి పిలిచే పెద్దమనిషి దొరుకుతారు. చాలామందికి అది అక్కడితో ఆగిపోతుంది, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి “అంతా ఒకటే” అన్న మాట ఏ మతంలోనూ నిలబడదని ఆ కుర్రాడికి పాతికేళ్లకు తెలిసొస్తుంది. తెలిసొచ్చిన కోపం లోపలికి తిరగాలి, కానీ అక్కడ పెద్దవాళ్లున్నారు. అందుకని దాన్ని బయటికి, పక్క వీధి వైపుకి తిప్పే నేర్పరి ఒకడుంటే చాలు. మసీదు ముందుకు రాగానే డీజే సౌండ్ పెంచడం, గుడి ఎదురుగా కావాలని మైకు తిప్పి పెట్టడం వంటివి ఆ నేర్పరి పాఠంలో మొదటి పేజీ.

చట్టం చేతిలో పరికరాలున్నాయి. మతాల మధ్య వైరం పెంచితే ఇదివరకు ఐపీసీ 153-ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 196. మత విశ్వాసాలను కావాలని అవమానిస్తే 295-ఏ, ఇప్పుడు 299. కాగితం మీద అన్ని మతాలకూ ఒకటే. వాడకంలో మాత్రం పోస్టు పెట్టిన కుర్రాడు తొందరగా దొరుకుతాడు, వాడికి రాసిచ్చినవాడు దొరకడు.

ఈ జిల్లాల్లో గీతలు గీయడం ఎంత కష్టమో మనుషుల పేర్లు చూస్తే తెలుస్తుంది. వెంకటాచలం మండలంలోని కసుమూరులో మస్తాన్ వలి దర్గా ఉంది. పిల్లలు లేనివాళ్లు అక్కడ మొక్కుకుని, పుడితే ఆయన పేరు పెడతారు. మస్తానయ్యలు, మస్తానమ్మలు, మస్తాన్ రావులు, మస్తాన్ రెడ్లు ఇక్కడి ఓటరు జాబితాల్లో కోకొల్లలు. వాళ్లలో నుదుట తిరునామం పెట్టేవాళ్లున్నారు, ఆదివారం బైబిలు చంకన పెట్టుకుపోయేవాళ్లున్నారు. ఆ ఆదివారం జనంలో చాలామంది సర్టిఫికెట్‌లో మళ్లీ హిందువులే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి పోతే ఎస్సీ హోదా పోతుంది మరి. పేరు ఒక మతానిది, కాగితం ఇంకో మతానిది, ప్రార్థన మూడో మతానిది. శుద్ధి కోరేవాళ్లకు ఇంతకంటే చికాకు పెట్టే మనిషి ఉండడు.

నెల్లూరులో అద్దె ఇల్లు వెతుక్కునే మస్తాన్ ఫోన్ చేస్తే ఓనరు ముందు “పూర్తి పేరు చెప్పండి” అంటాడు. మస్తాన్ రెడ్డి అంటే సాయంత్రం వచ్చి చూసుకోమంటాడు. మస్తాన్ బాషా అంటే నిన్ననే ఎవరో అడ్వాన్స్ ఇచ్చిపోయారు. ఒట్టి మస్తాన్ బాబు అంటే ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, “అంటే... మీరేమిట్లు?” అని అడుగుతాడు.